పసివారికి ఇంటిలో హద్దులు

రాత్రి ఎనిమిది గంటల వేళ. వంటింటి గడపవద్ద నాలుగేండ్ల పిల్లవాడొకడు బాసింపట్టు వేసికొని కూర్చున్నాడు. ముందు పళ్లెములో పప్పన్నము చల్లారుచున్నది. తల్లి ముద్ద కలిపి నోటివద్దకు తెచ్చిన ప్రతిసారియు వాడు మొగము త్రిప్పుకొనుచున్నాడు. "ఫోను ఇస్తేనే తింటా" అని వాని పట్టు. "ఇవ్వను" అని తల్లి. "ఇవ్వనంటే ఇవ్వను" అని రెండవసారి. వాడు నేలపై పడి కాళ్లు కొట్టుకొన మొదలిడెను. లోపలి గదినుండి నాయనమ్మ, "పోనీ ఇవ్వమ్మా, పసివాడు ఆకలితో పడుకుంటాడు" అనెను. ముందుగదిలో వార్తలు వినుచున్న తండ్రి, "ఏమిటా గోల? ఏదో ఒకటి ఇచ్చి ఊరుకోబెట్టండి" అని కేక వేసెను. ఫోను పిల్లవాని చేతిలోనికి వచ్చెను. ఇల్లు సద్దుమణిగెను. ముద్దలు ఒకటొకటిగా లోనికి పోయెను.

ఇట్టి దృశ్యము ఎన్ని యిండ్లలో నడచుచున్నదో నేను లెక్క చెప్పలేను. ఈ యింటి సంగతి మాత్రము బాగుగ నెరుగుదును. వార్తలు వినుచుండిన ఆ తండ్రిని నేనే.

ఆ రాత్రి మా యింట ఎవరును చెడ్డపని చేయ దలపెట్టలేదు. తల్లి క్రమమును కోరినది. నాయనమ్మ పిల్లవాని కడుపు చూచినది. నేను నిశ్శబ్దము కోరితిని. ముగ్గురికిని మూడు న్యాయమైన కోరికలే. కాని పిల్లవాడు ముగ్గురి యొద్దను ఒకే పాఠము నేర్చుకొనెను. పెద్దవారు "ఇవ్వను" అన్నచో దాని అర్థము "ఇవ్వను" అని కాదు. "ఇంకను కొంచెము గట్టిగా ఏడువుము, చూతము" అని. వాడు నేర్చుకొన్నది తప్పనుటకు వీలులేదు. మా ప్రవర్తనను గమనించి వాడు చేసిన నిర్ణయము సరిగానే యున్నది.

ఈ అలవాటు ఎట్లు బిగుసుకొనునో తెలిసికొనుటకు పావురముల వృత్తాంత మొకటి ఉపకరించును. అమెరికాలో ఫెర్‌స్టర్, స్కిన్నర్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞు లిరువురు 1957లో ఒక పెద్ద గ్రంథమును ప్రకటించిరి. అందు అధికభాగము పావురములతో చేసిన ప్రయోగములే. పెట్టెలో నున్న చిన్న బిళ్లను ముక్కుతో పొడిచినచో గింజలు లభించును. పొడిచిన ప్రతిసారియు గింజలిచ్చుచు, ఒకనాడు ఇచ్చుట ఆపివేసినచో, పావురము కొంతసేపు ప్రయత్నించి మానుకొనును. అట్లుగాక, ఒకప్పుడు ఇచ్చుచు, ఒకప్పుడు ఇవ్వక, ఎప్పు డిచ్చునో అంతుపట్టకుండ చేసిన పావురము, గింజలు పూర్తిగా ఆగిపోయిన తరువాత కూడ చాలసేపు పొడుచుచునే యుండును. జూదరి స్థితియు నిట్టిదే. మూడునాళ్లు గట్టిగా నిలిచి నాలుగవనాడు లొంగిపోవు తల్లిదండ్రులు తమకు తెలియకయే ఈ రెండవ విధమైన శిక్షణ నిచ్చుచున్నారు. ప్రతిదినమును లొంగిపోవు వారికంటె వీరి పిల్లల పట్టుదలయే విడదీయరానిదగును.

మరియొక విషయము. ఇచ్చుచున్న దానిని ఆపివేసిన వెంటనే అలవాటు తగ్గదు, ముందుగా హెచ్చును. పావురము మునుపటికంటె బలముగా పొడుచును. పిల్లవాడు మునుపటికంటె బిగ్గరగా ఏడ్చును. ఈ హెచ్చును చూచియే పెక్కుమంది "మా వానికి ఈ పద్ధతి పనికిరాదు" అని విడిచిపెట్టుదురు. పద్ధతి పనిచేయుచున్నదనుటకు అదియే గుర్తని వారికి చెప్పువారుండరు. హెచ్చిన ఆ యేడుపునకు లొంగిపోయినచో, ఇక రేపటినుండి ఏడుపు ఆ శ్రుతిలోనే మొదలగును.

"తెలిసి తెలిసి చేస్తాడండీ" అని తల్లు లందరును అనుమాట. ఇందులో సగము నిజమున్నది. గోడమీద గీతలు గీయరాదని మూడేండ్ల పిల్లకు తెలియును, అడిగినచో "గీయకూడదు" అని ముద్దుగా చెప్పును, చెప్పుచునే గీయును. నియమము తెలియుట వేరు, చేతిని ఆపుకొనగల శక్తి వేరు. ఈ రెండవది మెదడులో నుదుటి వెనుక నున్న భాగమునకు సంబంధించినది. అది తక్కిన భాగములకంటె ఆలస్యముగా, మనిషికి ఇరువదియైదేండ్లు వచ్చు ప్రాంతము వరకు పరిణతి చెందుచునే యుండును. మూడేండ్లకును ఐదేండ్లకును నడుమ దాని పెరుగుదల త్వరితముగా నుండును గాని, త్వరితమనగా పూర్తి యని కాదు. కావున పసివానికి హద్దు పెట్టుటయనగా, వానిలో ఇంకను తయారుకాని యొక పనిముట్టును కొన్ని సంవత్సరములపాటు మనము బయటినుండి అరువిచ్చుట. హద్దు చెప్పి ఊరకుండిన చాలదు. దగ్గరకు పోయి, చేయి పట్టుకొని, సుద్దముక్కను పలకవైపు త్రిప్పవలెను. గదికి ఆ చివరనుండి వేయు కేక ఈ పనిని చేయజాలదు.

మన పెద్దలు ఈ విషయమై ఆలోచింపలేదని కాదు. చాణక్యనీతి యను పేర ప్రచారములోనున్న శ్లోకములలో నొకటి, బిడ్డను ఐదేండ్లు లాలింపవలెననియు, తరువాతి పదియేండ్లు దండింపవలెననియు, పదునారవ యేట మిత్రునివలె చూడవలెననియు చెప్పుచున్నది. మన యిండ్లలో ఈ శ్లోకమును రెండు విధములుగా దుర్వినియోగము చేయుదురు. ఐదేండ్లలోపు వాడు ఏమి చేసినను నవ్వి ఊరకుండుటకు మొదటి పాదము. ఆరవయేట బెత్తము తీయుటకు రెండవ పాదము. నిన్నటివరకు నవ్వి మెచ్చుకొన్న అల్లరికే నేడు దెబ్బ తిన్న పిల్లవాని ఆశ్చర్యమును తలచుకొనిన జాలి కలుగును. లాలనమునకును హద్దునకును విరోధము లేదు. ఒడిలో కూర్చుండబెట్టుకొనియే "కత్తి ముట్టుకోకూడదు" అని చెప్పవచ్చును.

ఈ రెండింటి పొత్తును శాస్త్రీయముగా పరిశీలించినవారిలో ముఖ్యురాలు డయానా బౌమ్రిండ్. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారి బర్క్‌లీలో నుండి ఈమె 1960వ దశకములో బడికి పోవు వయస్సురాని పిల్లలను, వారి తల్లిదండ్రులను గమనించి, పెంపకమున మూడు తీరులను గుర్తించెను. మొదటిది ఆజ్ఞాపించు తీరు: "నేను చెప్పాను గనుక చెయ్యి." రెండవది విడిచిపెట్టు తీరు: ప్రేమ నిండుగా నుండును, అడ్డు ఉండదు. మూడవదానిలో ప్రేమయు, అడ్డును, అడ్డునకు కారణము చెప్పుటయు కలసియుండును. పిల్లవాడు చెప్పునది విందురు, విన్నంతమాత్రమున లొంగిపోరు. ఈ మూడవ తీరున పెరిగిన పిల్లలలో స్వతంత్రబుద్ధియు, తోటివారితో కలసిమెలసి యుండు గుణమును ఎక్కువగా కనిపించెనని ఆమె వ్రాసెను. 1983లో మెకోబీ, మార్టిన్ అనువారు దీనికి నాలుగవ తీరును చేర్చిరి: ప్రేమయు లేదు, అడ్డును లేదు, పిల్లవానిని పట్టించుకొనరు. ఒకే యిల్లు సోమవారము ఒక తీరున, మంగళవారము మరియొక తీరున నడచుట కూడ కలదని నా అనుభవము. కార్యాలయములో చీవాట్లు తిన్ననాడు నేను మొదటి తీరువాడను. జీతము వచ్చిన నాడు రెండవ తీరువాడను.

దెబ్బల సంగతి ఇక్కడనే చెప్పివేయుట మేలు. మన దేశమున 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ విభాగములో, బడిలో పిల్లలను కొట్టుటయు, మనస్సు నొప్పించి వేధించుటయు నిషేధింపబడినవి. ఇంటిలోపలికి ఆ విభాగము రాదు. స్వీడన్ దేశము మాత్రము 1979లోనే ఇంటిలో కూడ కొట్టరాదని శాసించెను. అట్లు శాసించిన దేశములలో అదియే మొదటిది. చట్టము మాట అటుంచి ఫలితము చూతము. ఐదు దశాబ్దముల పరిశోధనలను, లక్షాయరువదివేలకు పైబడిన పిల్లల వివరములను కలిపి పరిశీలించిన యొక వ్యాసము 2016లో వెలువడెను. చేతితో కొట్టు సాధారణమైన దెబ్బలు సైతము విధేయతను పెంచుటకు మారుగా, కొట్లాటతనము, దిగులు మొదలగు లక్షణములతోనే ముడిపడి కనిపించెనని అందు తేలినది. ఈ పరిశోధనలు దెబ్బయే కారణమని నిస్సందేహముగా నిరూపింపజాలవు. అల్లరి ఎక్కువ చేయు పిల్లలే ఎక్కువ దెబ్బలు తినుచుండవచ్చును. కాని దెబ్బవలన మేలు కలిగినదనుటకు మాత్రము ఆ రాశిలో ఆధారము కనబడలేదు.

దెబ్బకు తోబుట్టువు భయపెట్టుట. "బూచివాడు వస్తాడు", "పోలీసుకు పట్టిస్తా", "డాక్టరుగారు సూది పొడుస్తారు", "నువ్వు తినకపోతే పక్కింటి బాబుకు పెట్టేస్తా" — ఇవన్నియు మనము నోరు తిరిగినంత కాలమునుండి వినుచున్న మాటలే. ఇందులో ఏదియు జరుగదని నాలుగేండ్లు వచ్చుసరికి పిల్లలు గ్రహింతురు. అప్పుడు రెండు నష్టములు. జ్వరము వచ్చిననాడు వైద్యుని చూచి గుక్కపెట్టి యేడ్చుట యొకటి. అమ్మ మాటలలో నిజమైనది ఏదో, కానిది ఏదో పోల్చుకొనలేకపోవుట రెండవది.

ఎన్ని హద్దులుండవలెను? చాల తక్కువ. మా యింట ఒక ఆదివారము నా భార్యయు నేనును కూర్చుండి, ఒక పూటలో పిల్లవానికి ఎన్నిసార్లు "వద్దు" అందుమో కాగితముపై గీతలు పెట్టితిమి. మధ్యాహ్న భోజనమునకు ముందే కాగితము నిండిపోయినది. సన్నజాజి మొగ్గలు తుంచవద్దు, ఫ్యాను స్విచ్చి నొక్కవద్దు, చెప్పులు లోనికి తేవద్దు, నీళ్ల బిందెలో చేయి పెట్టవద్దు, తాతగారి కళ్లజోడు తీయవద్దు! ఇన్నింటి నడుమ, గ్యాసు పొయ్యి దగ్గరకు పోవద్దన్న మాటకు ప్రత్యేకమైన విలువ ఎట్లు వచ్చును? కాగితము చూచి సగము కొట్టివేసితిమి. కళ్లజోడును పై అరలో పెట్టినచో ఆజ్ఞతో పనిలేదు. బిందెమీద మూత పెట్టినచో చాలును.

మేడమ్ మాంటిసోరి చెప్పినది ఇంచుమించు ఇదియే. 1907 జనవరి 6వ తేదీన రోము నగరములో, సాన్ లొరెంజో అను పేదల పేటలో, ఆమె తన మొదటి బాలగృహమును తెరచెను. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధకాల మంతయు ఈ దేశముననే యుండి ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను. ఆమె బడిలో బల్లలు, కుర్చీలు, అరలు పిల్లల ఎత్తునకు సరిపడునట్లుండును. పని నెన్నుకొనుటకు పిల్లవానికి స్వేచ్ఛ కలదు. వస్తువును పాడుచేయుటకును, తోటివాని పనిని చెడగొట్టుటకును స్వేచ్ఛ లేదు. ఆ యింత గీత గీసి, తక్కిన చోటంతయు పిల్లలకు విడిచిపెట్టెను. మన యిండ్లలో మాత్రము వస్తువు లన్నియు పెద్దల సౌకర్యమునకు అమర్చి, వాని నడుమ పిల్లవానిని వదలి, వాడు ముట్టుకొన్నచో కోపింతుము.

విరిగిన వస్తువు ఖరీదునుబట్టి కోపపడుటయు మనలో కలదు. పియాజే యను స్విట్జర్లండ్ పండితుడు 1932లో ప్రకటించిన గ్రంథములో ఒక ప్రశ్న వేసెను. తలుపు వెనుక గిన్నెలున్నవని తెలియక త్రోసి పదునైదు గిన్నెలు పగులగొట్టిన పిల్లవాడును, దొంగతనముగా మిఠాయి తీయబోయి ఒక్క గిన్నెను పగులగొట్టిన పిల్లవాడును కలరు. ఎవరిది పెద్ద తప్పు? చిన్నపిల్లలలో చాలమంది పదునైదు పగులగొట్టినవానిదే యనిరి. పెద్దగువారు ఉద్దేశమును చూడ మొదలిడుదురట. స్టీలు గ్లాసు క్రింద పడినప్పుడు నవ్వి, గాజు గ్లాసు పడినప్పుడు మండిపడు నేను ఏ వయస్సువాడనో పియాజే చెప్పియుండెడివాడు.

ఇక చెప్పు మాట. ఇది నా వృత్తికి సంబంధించినది గనుక కొంచెము చనువు తీసికొందును. మైకు ముందు కూర్చుండువానికి మొట్టమొదట నేర్పు సంగతులలో నొకటి, మాట చివర మ్రింగవద్దని. మన భాషలో నిషేధమంతయు మాట చివరనే యున్నది. "పరుగెత్తు" అనుటకును "పరుగెత్తకు" అనుటకును భేదము తోకలోని ఒక్క అక్షరము. కంగారుపడిన తల్లి వంటింటినుండి కేక వేసినప్పుడు ఆ యక్షరము గాలిలో కలసిపోవును. పిల్లవాని చెవికి చేరునది "పరుగెత్తు" అను భాగమే. ఇది శాస్త్రము కాదు, నా ఊహ. కాని "పరుగెత్తకు" అనుటకు మారుగా "నెమ్మదిగా నడు" అనియు, "అరవకు" అనుటకు మారుగా "చిన్నగా చెప్పు" అనియు అని చూచితిని. పని తేలికయైనది. వద్దన్న పని తెలిసినంతమాత్రమున, చేయవలసిన పని పసివానికి తోచదు. దానిని కూడ మనమే చెప్పవలెను.

అట్లే "తర్వాత" అను మాట. నాలుగేండ్ల వానికి గడియారము లేదు. "తర్వాత ఆడుకుందువుగాని" అనుట వానికి శూన్యము. "అన్నం తిని చెయ్యి కడుక్కున్నాక ఆడుకుందువుగాని" అనుట ఒక స్థలము. ఇక "చూద్దాంలే" అనునది మన పెద్దల మర్యాదలో నిరాకరణ. పిల్లల నిఘంటువులో వాగ్దానము. ఈ యొక్క మాటవలన ఎన్ని యిండ్లలో కన్నీరు కారినదో!

వాగ్దానము మాట వచ్చినది గనుక నా తప్పు చెప్పుకొందును. మేము విజయవాడలో నుందుము. మావానికి ప్రకాశం బ్యారేజి చూడవలెనని చాల కోరిక. "ఆదివారం తీసుకెళతా" అంటిని. ఆ యాదివారము నాకు ప్రసారపు విధి పడినది. మరుసటి ఆదివారము చుట్టములు వచ్చిరి. మూడవ ఆదివారము, నిజము చెప్పవలెనన్నచో, నిద్ర వచ్చినది. ఆ తరువాత ఒకనాడు వాడు బొమ్మలన్నియు గదినిండ పరచుకొని యుండగా, "అవి సర్దేస్తే రేపు బ్యారేజికి వెళదాం" అంటిని. వాడు తలయెత్తలేదు. తల్లివైపు తిరిగి, "నాన్న ఊరికే అంటాడులే అమ్మా" అనెను. కోపముతో అనలేదు. ఫిర్యాదుగా కూడ అనలేదు. బయట వాన పడుచున్నదని చెప్పినట్లు చెప్పెను. ఆ మాట నా చెవిలో ఇప్పటికిని ఉన్నది.

పిల్లల ఓర్పునుగూర్చి ప్రసిద్ధమైన ప్రయోగమొకటి 1960వ దశకము చివరి నుండి అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున వాల్టర్ మిషెల్ చేసెను. పిల్లవాని ముందు ఒక మిఠాయి పెట్టి, "నేను వచ్చువరకు తినకుండ ఉన్నచో రెండవది ఇత్తును" అని చెప్పి పోవుట. ఓపిక పట్టిన పిల్లలు పెద్దయిన తరువాత చదువులో ముందుండిరని చాలకాలము చెప్పుకొనిరి. 2018లో తొమ్మిదివందలకు పైగా పిల్లల వివరములతో మరల పరిశీలించినప్పుడు, కుటుంబ పరిస్థితులను లెక్కలోనికి తీసికొన్నచో ఆ సంబంధము చాలవరకు సన్నగిల్లినట్లు తేలినది. నాకు ముఖ్యమనిపించినది ఈ రెండింటికి నడుమ జరిగిన మరియొక ప్రయోగము. రోచెస్టర్ విశ్వవిద్యాలయమున సెలెస్ట్ కిడ్, ఆమె సహచరులు 2013లో ప్రకటించినది. మూడునుండి ఐదేండ్ల వయస్సుగల పిల్లలు ఇరువది యెనమండుగురు. వారికి మొదట అరిగిపోయిన రంగు పెన్సిళ్లు చూపి, "కొంచెము ఆగినచో మంచివి తెత్తును" అని పరిశోధకురాలు చెప్పెను. సగముమందికి తెచ్చి యిచ్చెను. తక్కిన సగముమంది వద్దకు వట్టిచేతులతో వచ్చి, "క్షమించండి, లేవు" అనెను. ఇంకొకసారియు అట్లే జరిగెను. ఆ తరువాత మిఠాయి పరీక్ష. మాట నిలుపుకొన్న మనిషిని చూచిన పిల్లలు సగటున పండ్రెండు నిమిషములు ఆగిరి; మాట తప్పిన మనిషిని చూచినవారు మూడు నిమిషములు. పదునైదు నిమిషముల పూర్తి గడువు ఆగగలిగినవారు మొదటి జట్టులో పదునలుగురికి తొమ్మండుగురు. రెండవ జట్టులో ఒక్కడు.

ఓర్పు పిల్లవానిలో మాత్రమే ఉన్నదని మనమనుకొందుము. అందు కొంత భాగము ఎదుట నిలచిన పెద్దమనిషిలో ఉన్నట్లు ఈ ప్రయోగమువలన తెలియుచున్నది. మాట తప్పు తండ్రి యెదుట బొమ్మలు సర్దుట తెలివిగల పిల్లవాడు చేయదగిన పని కాదు. పైన నేను చెప్పిన ఫోను వ్యవహారమునకును ఇదియే మూలము. "ఇవ్వను" అని ఇచ్చుటయు, "తీసుకెళతా" అని తీసికొనిపోకుండుటయు ఒకే జాతి తప్పు. మొదటిదానిలో వానికి లాభము, రెండవదానిలో నష్టము. రెండింటిలోను మన మాట తేలిపోయినది.

పలువురు పెద్దలున్న యింట హద్దు నిలుపుట కష్టమని అందరును అందురు. నిజమే. అమ్మ వద్దన్నది నాయనమ్మ ఇచ్చును. నాయనమ్మ వద్దన్నది నాన్న ఇచ్చును. కాని మా యింట నేను చూచిన దేమనగా, పెద్దవారిని సంప్రదింపకుండ హద్దు నేర్పరచి, వారు దానిని పాటింపలేదని నిష్ఠురమాడుట మా తప్పు. ఒకరాత్రి పిల్లవాడు నిద్రించిన తరువాత మా అమ్మతో ఈ మాట కదిపితిని. "ఒరేయ్, నిన్ను పెంచినదాన్ని నేను. నాకు చెప్తావా?" అని మొదట కోపించెను. ఆమె భయమేమో తరువాత తెలిసినది: కోడలు కఠినురాలగుననియు, పిల్లవాడు ఎండిపోవుననియు. ఎలిన్ శాటర్ అను అమెరికా ఆహారశాస్త్ర నిపుణురాలు చెప్పిన విభజన నామెకు చెప్పితిని. ఏమి పెట్టవలెను, ఎప్పుడు, ఎక్కడ పెట్టవలెను అనునది పెద్దల వంతు. ఎంత తినవలెను, తినవలెనా వద్దా అనునది పిల్లవాని వంతు. ఆరోగ్యముగ నున్న పసివాడు ఒకపూట తక్కువ తిన్నచో మరుపూట సరిచేసికొనును. మా అమ్మ కొంతసేపు ఆలోచించి, "అయితే ఫోను మానిపించండి. దాని బదులు కథ నేను చెప్తాను. కానీ వాడు ఏడిస్తే మీరిద్దరూ నా మీద విసుక్కోకూడదు" అనెను. మా యింటిలో మొట్టమొదట హద్దు ఏర్పడినది మాకే.

పిల్లలకు తెరను గూర్చి లెక్క కావలసినవారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినది ఇది: ఏడాది నిండని బిడ్డకు తెర అసలే వద్దు, రెండవ యేటను వద్దు, రెండు మొదలు నాలుగేండ్ల వారికి దినమునకు ఒక గంట మించరాదు, తగ్గినకొలది మేలు. మూడు, నాలుగేండ్ల వారికి పగటి నిద్రతో కలిపి పది మొదలు పదుమూడు గంటల నిద్ర కావలెను. మా యిండ్లలో రాత్రి పదకొండు వరకు మేలుకొని, ఉదయము బడి బండి కొరకు ఆరింటికి లేపబడు పసివారి అల్లరిలో ఎంత భాగము అల్లరియో, ఎంత భాగము నిద్రలేమియో ఆలోచింపదగినది.

మా ప్రయత్నము ఎట్లు సాగెనో చెప్పి ముగింతును. మొదటిరాత్రి వాడు రెండు ముద్దలు తిని, ముప్పావుగంట యేడ్చి, పాలు త్రాగి నిద్రపోయెను. నా భార్య వానిని ఒడిలో నుంచుకొని, "నీకు కోపం వచ్చింది నాన్నా, తెలుసు. ఫోను మాత్రం లేదు" అని అదే మాటను అదే స్వరముతో చెప్పుచుండెను. రెండవరాత్రి ఏడుపు ఇంకను హెచ్చెను. మా అమ్మ గదిలోనికి పోయి తలుపు వేసికొనెను. ఆమె కూడ కన్నీరు పెట్టుకొన్నదని తరువాత తెలిసినది. మూడవరాత్రి సగము. ఐదవరాత్రి వాడు పళ్లెము ముందు కూర్చుండి, "మామ్మా, కథ" అనెను. యశోద రోలుకు కట్టబోయిన త్రాడు ఎంత జతచేసినను రెండంగుళములు తక్కువగుచుండిన ఘట్టము ఆ వారమంతయు నడచినది. తల్లి త్రాడు ఎప్పుడును చాలకపోవుట వానికి పరమానందము కలిగించెడిది.

ఇప్పటికిని తప్పిపోవు దినములున్నవి. జ్వరము వచ్చిననాడు మేమే సడలించితిమి. "జ్వరం కాబట్టి ఇవాళ" అని చెప్పియే సడలించితిమి. నలతగా నున్న బిడ్డకు కొలత వేరని వానికి తెలియుట మంచిదే.

ఆ వారము చివర ఆదివారము వానిని బ్యారేజికి తీసికొనిపోయితిని. కాలినడకన సగము దూరమైనను పోవుదమని వాడు పట్టుబట్టెను. "తలుపులు లెక్కపెడుతూ నడుద్దాం, ఇరవై రాగానే వెనక్కి తిరుగుదాం" అని ముందుగనే చెప్పితిని. అక్కడ మొత్తము డెబ్బది తలుపులు కలవు. వానికి ఇరువది వరకే అంకెలు వచ్చును. ఇరువదవ తలుపువద్ద ఆగి, క్రింద నీటివైపు చూచి, "ఇంకొక్కటి" అనెను. నేను తల అడ్డముగ ఊపితిని. వాడు నా మొగము కొంతసేపు పరిశీలించి, నా వ్రేలు పట్టుకొని వెనుకకు తిరిగెను.